రాజధాని వెళ్లిపోయాక ముఖలింగం
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగువారి పేరుమీద సభ అంటే వాడుకభాష గురించే వింటామని అందరూ సిద్ధపడి వస్తారు. ఏటా ఆగస్టు 29న అదే వింటున్నాం కదా. నేను ఆయన చదివిన గోడల గురించి మాట్లాడతాను. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారాయన. ముఖలింగం గుడి గోడలమీది పాతలిపిని గురువు లేకుండా కూడబలుక్కుని నేర్చుకున్నారు. గాంగరాజుల శాసనాల్లో మాటిమాటికీ కనిపించే కళింగనగరం ఈ పల్లెటూరేనని గట్టిగా వాదించారు.

ఊరి పాతదనాన్ని ఎక్కడినుంచి లెక్కకట్టాలి? కళింగరాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనంలో కళింగనగరి మాట ఉంది. అదీ మనదే అనుకోవాలని మనవాళ్లకి సరదా. చాలామంది పండితులు దాన్ని భువనేశ్వర్ పక్కనున్న శిశుపాలగఢ్ అంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. ఆ గొప్ప మనకి అక్కర్లేదు కూడా. ఇదే నది దిగువన, కళింగపట్నం రేవుకి కాస్త ఎగువగా, శాలిహుండం కొండమీద బౌద్ధస్తూపాలున్నాయి. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చిందీ గిడుగువారే. తవ్వకాల్లో ధాతుపేటికలు దొరికాయి. తార, మారీచి విగ్రహాలు కూడా బయటపడ్డాయి. అంటే గుడి కట్టకముందే ఈ లోయకి సముద్రంతో, పరదేశంతో రాకపోకలున్నాయన్నమాట.

గాంగశకం క్రీ.శ. 498లో మొదలైంది. తొలిగాంగులు దంతపురం నుంచీ, కళింగనగరం నుంచీ దానశాసనాలు ఇచ్చారు. గుడి సంగతి మాత్రం తర్వాతి గాంగరాజు చోడగంగు కాలపు శాసనాల్లో చెప్పుకున్నారు: కామార్ణవుడనే పూర్వుడు నగరమనే ఊళ్లో శివుడికి ఎత్తైన ఆలయం కట్టించి, మధూకవృక్షంలో వెలిసిన దేవుడు కాబట్టి మధుకేశ్వరుడని పేరు పెట్టాడట. మధూకమంటే మన ఇప్పచెట్టే. ఆ చెట్టు గురించి ఊళ్లో చెప్పుకునే కథ వేరు. ఒక సవరకి ఇద్దరు భార్యలు, పెరట్లో ఇప్పచెట్టు. పువ్వుల దగ్గర ఇద్దరికీ తగువొచ్చింది. విసిగిపోయి అతను గొడ్డలి ఎత్తితే మొద్దులో శివుడు కనిపించాడు. శాసనంలో రాజు కట్టించాడు, కథలో సవర కనుగొన్నాడు. నాకు రెండోదే ముందు పుట్టినట్టనిపిస్తుంది. ఇప్పపువ్వు ఏరుకుని బతికినవాళ్ల దేవుణ్ణి రాజులు తమ ఇంటిదేవుడిగా చేసుకుని ఉంటారు. ఇది నా ఊహ మాత్రమే. అయినా గోడమీది సంస్కృతం చదివిన మనిషే తర్వాత సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి పుస్తకాలు రాసి, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టడం కాకతాళీయం కాదేమో.

గాంగుల్లో 1038లో వజ్రహస్తుడు పట్టానికొచ్చాడు. 1078లో అతని మనవడు అనంతవర్మ చోడగంగు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచే. అయినా 1110 ప్రాంతంలో చోళరాజు కులోత్తుంగుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగంమీద పడ్డాడు. తమిళులకి కళింగత్తుపరణి కావ్యం దక్కింది, మనకి దెబ్బలు మిగిలాయి. చోడగంగు దృష్టి ఉత్తరాదికి మళ్లింది. ఉత్కళం గెలిచి, పూరీలో జగన్నాథుడి గుడి మొదలుపెట్టాడు. కొలువు కటకం వైపు సాగిపోయింది.

కొలువు పోతే ఊరేమవుతుంది? ఉత్తర మాసిడోనియాలో వర్దార్, త్స్ర్నా నదులు కలిసేచోట స్తోబి అనే పట్నం ఉండేది. రోమన్ల నాటి నాటకశాల, చర్చీల నేలమీద రంగురాళ్ల బొమ్మలు ఇప్పటికీ చూడొచ్చు, కాని కాపురాలు లేవు. ముఖలింగంలో కాపురాలూ ఉన్నాయి, పూజలూ ఆగలేదు. ఎందుకని? జవాబు గోడలమీదే ఉంది. ఆ శాసనాల్లో చాలామటుకు యుద్ధాల ఊసే ఉండదు. ఫలానా శకసంవత్సరాన ఫలానావారు మధుకేశ్వరుడికి అఖండదీపం పెట్టి, అది కొండెక్కకుండా ఇన్ని మాడలిచ్చారు అని ఉంటుంది. కొన్ని సంస్కృతంలో, కొన్ని తెలుగులో. కొలువు కదిలినా దీపం బాధ్యత ఊళ్లోవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. భీమేశ్వరాలయం, ఊరి మొగలో మండపం లేకుండా ఒంటి శిఖరంతో నిలిచిన సోమేశ్వరాలయం కూడా అలాగే దక్కాయి.

తర్వాతి ఏలికల్ని గబగబా దాటేస్తాను. గోల్కొండ కాలంలో పెత్తనం శ్రీకాకుళానికి మారింది. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ అక్కడ మసీదు కట్టించాడు. 1753లో ఉత్తర సర్కార్లు ఫ్రెంచివారి చేతికొచ్చాయి. 1757లో బొబ్బిలి కాలిపోయింది. 1765లో ఇంగ్లీషువాళ్లు ఫర్మానా తెచ్చుకున్నారు.

1936 ఏప్రిల్ 1న మాత్రం ఆగాలి. ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. దానికి నిరసనగా గిడుగువారు దశాబ్దాలు బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న పోయారు. సరిహద్దు ఆయన పనిచేసిన ఊరినీ, ఆయన చదివిన గోడల్నీ విడదీసింది. శివరాత్రి తర్వాత చక్రతీర్థస్నానానికి మాత్రం ఒడిశావైపు జనం ఇప్పటికీ వంశధారలో దిగుతూనే ఉన్నారు.

నిర్వాహకులకి ఒక విన్నపం. వచ్చే ఏడు ఈ ఉపన్యాసాన్ని ముఖలింగంలోనే పెట్టండి. గోడమీది దీపశాసనాల్లో ఒక పదింటిని వాడుక తెలుగులో, ఒడియాలో, సవరలో చిన్న పుస్తకంగా అచ్చువేసి, చక్రతీర్థానికి వచ్చేవాళ్లకి పంచండి. ఖర్చులో నా వంతు ఇస్తాను.