కానరాని ద్రవ్యము



గాలి కంటికి కానరాదు. కదలెడి ఆకు దాని ఉనికిని తెలుపును. ఆకాశమునందును అట్టి సాక్ష్యమే లభించినది. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా అను గెలాక్సీల గుంపును పరిశీలించెను. అవి తిరుగు వేగమునకు, కనబడు ద్రవ్యపు ఆకర్షణ వానిని పట్టి యుంచజాలదు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచిరి. దాని వెలి అంచులందును వేగము తగ్గలేదు. కనుక కనబడని కృష్ణద్రవ్యము కలదను ఊహ బలపడినది. సాధారణ ద్రవ్యమునకు అది సుమారు అయిదు రెట్లని నేటి లెక్క.

దీనితో మనకేమి పని యందురేమో! విశ్వము పుట్టి సుమారు 1380 కోట్ల సంవత్సరములైనది. దానికి 3,80,000 సంవత్సరముల వయస్సున వెలువడిన కాంతిలో హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. అంత సమముగా పరచుకొన్న వాయువు తనంత తానుగా గెలాక్సీలై కూడుటకు ఈ కాలము చాలదు. కాంతి యొత్తిడికి లొంగని కృష్ణద్రవ్యము ముందుగా గుమిగూడి వాయువును లాగుకొన్నదని సిద్ధాంతము; 1982లో పీబుల్స్ దీనికి గణితరూపము నిచ్చెను. ఇది నిజమైనచో, ఆ కానరాని ద్రవ్యము లేక సూర్యుడు లేడు, ఈ ఊరు లేదు, ఈ సభయు లేదు.

అయినను దాని కణము నేటివరకు ఎవరి చేతికిని చిక్కలేదు. తెలియనిదానిని తెలియదని యొప్పుకొని, కొలుచుచు సాగుటయే విజ్ఞానము. ఇరువదియైదేండ్ల ఈ గ్రంథాలయమున చదువుకొను పిల్లలలో ఒకరైనను ఆ అన్వేషణమున పాల్గొందురు గాక!