పాత హాస్యచిత్రాలు – తల్లిదండ్రుల చూపు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, తల్లిదండ్రుల – పూర్వ విద్యార్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవంలో సినిమాల ప్రస్తావన ఏమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. క్రమశిక్షణను గురించి, కాలం విలువను గురించి ఇటువంటి వేదికల మీద ఇప్పటికే చాలినంత చెప్పడం జరిగింది. పైగా, ఈ ప్రసంగంలో ముందుగా రానున్న చిత్రం ఒక పాఠశాల కథే.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుండి విముక్తమైంది. ఆ తరువాత ఏడు మాసాలకు, 1955 జనవరి 12న, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో విజయా వారి ‘మిస్సమ్మ’ విడుదలైంది. కథ అందరికీ విదితమే. అప్పాపురం జమీందారు గోపాలం తన పాఠశాలకు భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలని ప్రకటిస్తాడు. పెళ్ళి కాని రావు, మేరీ ఉద్యోగం కోసం దంపతులమని చెప్పి చేరుతారు. అక్కడి నుండి అడుగడుగునా నవ్వే.

ఫరంపేటలో పుట్టి పెరిగి, ఇదే పాఠశాలలో చదువుకున్న ఒక గృహిణి ఈ చిత్రాన్ని మొదటిసారి చూచింది పండుగ రాత్రి వీధిలో పందిరి వేసి చూపిన అద్దె వీడియోలో. అప్పటికామె ఆరో తరగతి. రావు తబ్బిబ్బులు, మేరీ కోపం, అపరాధ పరిశోధకుడినని తిరిగే రాజు చేష్టలు ఆమెకు గుర్తుండిపోయాయి. గోపాలం దంపతులు మాత్రం ఎదుటివారు ఏమి చెప్పినా నమ్మే అమాయకులుగా, కథ నడవడానికి పనికివచ్చే ముసలివారుగా తోచారు. ఆ వయస్సులో అందరికీ అట్లే తోస్తుంది.

ఇద్దరు ఆడపిల్లల తల్లి అయిన పిమ్మట ఆమె అదే చిత్రాన్ని ఇంట్లో టీవీలో చూచింది. ఈసారి గోపాలం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఆ పాఠశాల పేరు మహాలక్ష్మి. అది వారి పెద్ద కూతురి పేరు. పదహారేళ్ళ క్రితం శివరాత్రి నాడు కాకినాడలో, జనసమ్మర్దంలో తప్పిపోయిన పిల్ల పేరు. పిల్ల కనబడలేదు, పాఠశాల వెలసింది. రోజూ ఆ పేరు పలకవచ్చునని కాబోలు. ముక్కూముఖం తెలియని పంతులమ్మను కన్నకూతురిలా చూసుకునే ఆ దంపతుల అతిప్రేమకు మేరీ విసుక్కుంటుంది, ప్రేక్షకులు నవ్వుతారు. ఆ తల్లి కూడా ముప్పై ఏళ్ళ క్రితం నవ్వింది. ఈసారి నవ్వబోయి, పక్కన కూర్చున్న చిన్నదాని చేయి పట్టుకున్నదట.

కాకినాడ అన్న మాట సినిమాలో ఒక ఊరి పేరు మాత్రమే. యానాం వారికి అది ఇంచుమించు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, పండుగ బట్టలకు, ఆసుపత్రులకు పిల్లలను చేయి పట్టుకుని తీసుకువెళ్ళే ఊరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను ఈ తీరాన్ని తాకినప్పుడు భైరవపాలెం, బలుసుతిప్ప వంటి గ్రామాల నుండి వేటకు వెళ్ళిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. తప్పిపోయినవారు అన్న మాటలోని ఎదురుచూపు ఎట్లా ఉంటుందో ఈ గోదావరి పాయల గట్ల మీద వేరే చెప్పనవసరం లేదు. అయినను ‘మిస్సమ్మ’ ఇక్కడి ఇళ్ళలో హాస్యచిత్రంగానే నిలిచింది. అది చక్రపాణి గారి రచనలోని నేర్పు: దుఃఖాన్ని దాచలేదు, మొదటి నుండీ అందరి కళ్ళ ఎదుటే ఉంచారు. చూడవలసిన వయస్సు వచ్చినప్పుడే అది కనబడుతుంది.

మరొక విశేషం. గోపాలం పాత్ర ధరించిన ఎస్.వి. రంగారావు కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో రాటుదేలిన నటుడు. 1918లో జన్మించిన ఆయనకు ఈ చిత్రం విడుదల నాటికి ముప్పై ఆరేళ్ళు. నాయకుడు రామారావు కన్న అయిదేళ్ళు పెద్ద, అంతే. ఈ సభలోని తల్లిదండ్రులలో సగం మంది ఆ ‘ముసలాయన’ కన్న వయస్సులో పెద్దవారై ఉంటారు! చిన్ననాడు తాతగా కనిపించినవాడు ఇప్పుడు తమ్ముడి వరుసకు వచ్చాడు.

మేరీని పెంచిన తల్లిదండ్రులను కూడా మరువరాదు. ఎవరి బిడ్డో తెలియని పిల్లను చేరదీసి, డిగ్రీ దాకా చదివించారు. డేవిడ్ వద్ద చేసిన అప్పు తీరక, అతడు పిల్లనిమ్మని పట్టుబడితే సతమతమయ్యారు. మేరీ ఉద్యోగానికి బయలుదేరినదే ఆ అప్పు తీర్చడానికి. పాదం మీది పుట్టుమచ్చ ఆధారంగా చివరకు ఆమె మహాలక్ష్మి అని తేలినప్పుడు హాలంతా సంతోషిస్తుంది. పెంచినవారికి ఆ క్షణం ఎట్లా ఉంటుందన్న ఆలోచన మాత్రం పిల్లలున్నవారికే వస్తుంది.

ఇక ‘గుండమ్మ కథ’. 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ఈ విజయా వారి చిత్రం చూడని ఇల్లు ఆంధ్రదేశంలో ఉండదు. గుండమ్మగా నటించిన సూర్యకాంతం 1924లో కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో జన్మించిన ఈ ప్రాంతపు ఆడపడుచు. గయ్యాళి అత్తగా ఆమె ఎంత జీవించినదంటే, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకోవడమే జనం మానివేశారని చెప్పుకుంటారు. గుండమ్మ వేషం వేసేనాటికి ఆమెకు ముప్పై ఏడేళ్ళు.

గుండమ్మ ఇంట్లో సవతి కూతురు లక్ష్మి చాకిరీ అంతా చేస్తుంది. సొంత కూతురు సరోజ ఆలస్యంగా నిద్ర లేస్తుంది. పనివాడి వేషంలో వచ్చిన అంజి రుబ్బురోలు వద్ద లక్ష్మికి సాయం చేస్తుంటే పిల్లలు విరగబడి నవ్వుతారు. గుండమ్మకు తగినశాస్తి జరగాలని ఎదురుచూస్తారు. కోడలి మేనత్త దుర్గ వచ్చి ఆ శాస్తి చేస్తే చప్పట్లు కొడతారు.

పైన చెప్పిన గృహిణి ఒక ఆదివారం పిల్లలతో కలిసి ఈ చిత్రం చూస్తున్నది. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది అయిదో తరగతి. సినిమా నడుస్తుండగా పెద్దపిల్ల పొయ్యి మీది పాలు చూచి వచ్చింది. వాన చినుకులు పడితే మేడ మీది బట్టలు తెచ్చింది. చెల్లెలికి మంచినీళ్ళు ఇచ్చింది. వచ్చిన ప్రతిసారీ “ఇప్పుడేమైందే?” అని చెల్లెలిని అడిగి కూర్చున్నది. నాలుగోసారి తల్లి పేరు పెట్టి పిలవగానే లేచి నిలబడి, విసుగేమీ లేకుండానే అడిగింది:

“లక్ష్మికంటే సొంతమ్మ లేదు. మరి నాకేంటమ్మా?”

తల్లికి మొదట కోపం వచ్చింది. “సినిమాలు చూసి మాటలు నేర్చావు” అని కసిరింది. పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. చిన్నది టీవీ చూస్తూ నవ్వుతూనే ఉన్నది. తల్లి మాత్రం ఆ తరువాతి సన్నివేశం చూడలేకపోయింది.

తెలుగు కుటుంబచిత్రాలు సవతితల్లికి చేసిన అన్యాయం ఇక్కడ చెప్పక తప్పదు. పిల్లల మధ్య భేదం చూపే దుర్గుణమంతా ఆమె నెత్తిన రుద్దడం వలన, కన్నతల్లులు నిశ్చింతగా కూర్చుని గుండమ్మను తిట్టుకోగలిగారు. ఆ మాట అడ్డం తొలగితే ఎన్ని ఇళ్ళలో లక్ష్ములు బయటపడతారో! పెద్దపిల్ల గనుక, అర్థం చేసుకుంటుంది గనుక, చెప్పిన మాట వింటుంది గనుక అన్న మూడు కారణాలతో ఆ ఇళ్ళలో పని పంపకం జరిగిపోతుంది. వినని పిల్లకు విశ్రాంతి లభిస్తుంది. ఇది క్రూరత్వం కాదు, అలవాటు. హాజరు పట్టీలో ‘ఆలస్యం’ అని పడే గుర్తుల వెనుక ఈ అలవాటు ఎంత ఉన్నదో ప్రతి తరగతి ఉపాధ్యాయునికీ తెలుసు.

గుండమ్మ పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆ ఇంట్లో తండ్రి లేడు. భర్త పోయిన స్త్రీ ఆస్తి కాపాడుకుంటూ, ముగ్గురు పిల్లలను ఒంటిచేత్తో పెంచుతూ, ఎవరిని నమ్మాలో తెలియక గంటయ్య వంటి వారి మాటలు వింటుంది. నోరు పెట్టుకుని బతకడం ఆమెకు నేర్చిన విద్య. ఇదంతా చిత్రంలో ఉన్నదే. చిన్నతనంలో ఆమె నోరు ఒక్కటే వినబడుతుంది. దుర్గ చేతిలో ఆమె అవస్థ పడేటప్పుడు విడిపించడానికి వచ్చేది లక్ష్మి. నవ్వుల మధ్య ఆ ఘట్టం పిల్లలకు తేలికగా దాటిపోతుంది, తల్లులకు దాటదు.

తరువాతి తరానికి 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో వచ్చిన ‘అమృతం’ ఇటువంటిదే. ఇంటి యజమాని అప్పాజీ వంటి పెద్దల నుండి తప్పించుకునే అమృతం, ఆంజనేయులు ఇక్కట్లకు పడీపడీ నవ్విన పిల్లలే ఇప్పుడు అద్దెలు, వాయిదాలు కట్టే గృహస్థులు. అమృత విలాస్ నష్టాలు వారికిప్పుడు అంత నవ్వు పుట్టించవని ఈ సభలోనే కొందరు అంగీకరిస్తారు.

అట్లని పిల్లలు నవ్వుతున్నప్పుడు టీవీ ఆపి, “అందులో నవ్వవలసినదేమున్నది, ఆ తల్లి బాధ చూడు” అని బోధించడం తగదు. కొందరు తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయులు కూడా, ఈ పొరపాటు చేస్తుంటారు. పన్నెండేళ్ళ పిల్ల గోపాలాన్ని చూచి నవ్వడమే సహజం. ఆ నవ్వు వలననే ఆ సినిమా ఆమెకు గుర్తుండి, ముప్పై ఏళ్ళకు మళ్ళీ తీసి చూడబుద్ధి అవుతుంది.

ఆ ఆదివారం సినిమా పూర్తయ్యేసరికి వాన వెలిసింది. తల్లి వంటింట్లోకి వెళ్ళి, పెద్దపిల్ల చేతిలోని గిన్నె అందుకుని, “నువ్వు చూడనిది ఎక్కడినుంచే?” అని అడిగింది. “రుబ్బురోలు దగ్గరినుంచి” అన్నదా పిల్ల. మరుసటి ఆదివారం మళ్ళీ పెట్టుకున్నారు. పాలు చూడడానికి ఈసారి చిన్నది లేవవలసి వచ్చింది. అది పెట్టిన గోలకు సినిమాలో సగం మాటలు వినబడలేదని ఆ తల్లి చెప్పినది.