మసక సాక్షి మనకు వద్దు

(వెంకటగిరికోటలో మస్జిద్ కమిటీల బాధ్యులు, తల్లిదండ్రులు, యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన అంశం మస్జిద్‌లు, మదర్సాలు, ఈద్‌గాహ్‌లలో నిఘా కెమెరాల ఏర్పాటు, వాటి నిర్వహణ. హక్కుల గురించి మాట్లాడుకునే సభలో తీగలు, యంత్రాల ప్రసక్తి ఎందుకని కొందరికి సందేహం కలగవచ్చు. కనుక ముందుగా ఒక సంఘటనను గుర్తు చేస్తాను.

2023 జనవరి చివరిలో మెదక్ పోలీసులు ఒక గొలుసు దొంగతనం కేసులో మన సోదరుడొకరిని అదుపులోకి తీసుకున్నారు. ఆయన దినసరి కూలీ. సీసీటీవీ దృశ్యంలోని వ్యక్తి పోలికలు ఆయనలో ఉన్నాయన్నది వారి అనుమానం. కొన్ని రోజుల తరువాత విడిచిపెట్టారు. తనను కస్టడీలో తీవ్రంగా కొట్టారని ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పుకున్నారు. ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశారు. తెలంగాణ హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

ఆ ప్రాణం పోవడానికి దారి తీసిన మొదటి మెట్టు ఒక కెమెరా చూపిన పోలిక. ఇటువంటి ఆరోపణ వచ్చినప్పుడు, ఆ సమయంలో తాను ఎక్కడ ఉన్నదీ చూపగల రుజువు పేదవాని చేతిలో ఉండదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులు నిర్బంధానికి గురయ్యారు. తరువాత న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. కానీ పోయిన చదువులు, ఉద్యోగాలు, పరువు తిరిగి రాలేదు.

రెండవ వైపు కూడా చూడాలి. 2019 డిసెంబరు 15న ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియా గ్రంథాలయంలో జరిగినది రెండు నెలల తరువాత దేశమంతా చూడగలిగింది. చదువుకుంటున్న విద్యార్థులపై లాఠీలు పడిన దృశ్యాలను గదిలోని కెమెరాయే భద్రపరచింది.

కెమెరా కాపలాదారు కాదు, సాక్షి. దొంగను ఆపలేదు, దాడిని అడ్డుకోలేదు. జరిగినది జరిగినట్లు చెప్పగలిగితేనే దాని వల్ల ప్రయోజనం. ముఖం స్పష్టంగా కనిపించని, సమయం తప్పుగా చూపే, అవసరమైన రోజున ఖాళీగా ఉండే కెమెరా నిర్దోషిని ఇరికించడానికే పనికివస్తుంది. మసక సాక్షి కంటే సాక్షి లేకపోవడమే నయం.

చట్టం ఏమి అడుగుతున్నది?

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి 100 మందికి పైగా గుమికూడే సంస్థలు, వాటిలో మతస్థలాలు కూడా, రాకపోకల మార్గాలలో కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలను నిల్వ ఉంచాలని ఆ చట్టం చెబుతున్నది. జుమా నమాజుకు 100 మంది రాని మస్జిద్ మన ప్రాంతంలో ఎన్ని ఉంటాయి? కనుక ఇది మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. చేయక తప్పని పనిని సక్రమంగా చేయడమే మన ముందున్న కర్తవ్యం.

ఎక్కడ, ఎలా?

ఎక్కువ కెమెరాలు కొనడం కంటే వాటిని సరైన చోట పెట్టడం ముఖ్యం. మనిషి ముఖాన్ని నమ్మకంగా గుర్తుపట్టాలంటే దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరాలో అడ్డంగా 2560 పిక్సెళ్లు ఉంటాయి. అంటే పది మీటర్ల వెడల్పుకు మించి చూపితే అది ముఖాలను గుర్తించే కెమెరా కాదు. 2.8 మిల్లీమీటర్ల లెన్స్ ఆవరణ మొత్తాన్ని చూపుతుంది గాని, నాలుగైదు మీటర్లు దాటితే ముఖం మసకబారుతుంది. కాబట్టి ఆవరణకు ఒకటి, గేటుకు 6 మిల్లీమీటర్ల లెన్స్‌తో వేరొకటి పెట్టుకోవాలి. ఎత్తు మూడు మీటర్లు మించితే టోపీలు, తలపాగాలు తప్ప ముఖాలు కనిపించవు. ఉదయం గాని సాయంత్రం గాని ఎండ నేరుగా లెన్స్‌లో పడకూడదు. సున్నం వేసిన గోడకు ఆనించి పెడితే రాత్రి పరారుణ కాంతి గోడ మీద పడి తిరిగివచ్చి చిత్రమంతా తెల్లబారుతుంది.

నిల్వ లెక్క చాలా సులభం. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 గిగాబైట్లు అవుతాయి. ఎనిమిది కెమెరాలకు 30 రోజులకు 5.2 టెరాబైట్లు. అంటే 6 టెరాబైట్ల డిస్క్ కావాలి. రెండు టెరాబైట్ల డిస్క్‌తో సరిపెడితే పన్నెండవ రోజు నుంచే పాత దృశ్యాల మీద కొత్తవి వచ్చి పడతాయి. ఫిర్యాదు వచ్చేనాటికి మన దగ్గర ఏమీ మిగలదు.

సమయం విషయంలో అశ్రద్ధ అన్నిటికంటే ప్రమాదకరం. రికార్డర్ లోపలి బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. కొన్ని యంత్రాలు విదేశీ కాలమానంతోనే వస్తాయి. భారత కాలమానాన్ని, అంటే జీఎంటీకి 5 గంటల 30 నిమిషాలు కలిపి, స్వయంగా సరిచేయాలి. ఇంటర్నెట్ ఉన్నచోట జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్‌తో జతచేయాలి. ఇషా నమాజులో ఉన్న యువకుణ్ణి రెండు గంటల తేడాతో చూపే యంత్రం అతనికి అనుకూల సాక్షి కాదు, ప్రతికూల సాక్షి.

పనిచేయనప్పుడు

సాంకేతికుడు కుప్పం నుంచో పలమనేరు నుంచో వచ్చేవరకు వేచి ఉండనవసరం లేదు. ఒక క్రమంలో పరీక్షిస్తే చాలా లోపాలు మనకే దొరుకుతాయి. మొదట విద్యుత్తు, తరువాత కేబుల్, ఆ తరువాత అడ్రసు, పాస్‌వర్డ్, చివరగా డిస్క్.

పగలంతా బాగుండి రాత్రి మాత్రమే ఆగిపోయే కెమెరాలో లోపం సాధారణంగా విద్యుత్తుదే. రాత్రి పరారుణ దీపాలు వెలిగి ఎక్కువ కరెంటు లాగుతాయి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ ఆ భారం మోయలేదు. చౌక కేబుల్ కొని ఖరీదైన కెమెరా పెట్టడం వృథా. అసలైన రాగి కేబుల్ అయినా వంద మీటర్లు దాటకూడదు. దాటవలసి వస్తే మధ్యలో స్విచ్ పెట్టాలి. వాన తరువాత ఆగిపోతే బయటి జాయింటులో నీరు చేరిందేమో చూడాలి. రౌటర్ మార్చిన మరునాడు అన్నీ కనపడకుండా పోతే అడ్రసులు మారాయని అర్థం. ప్రతి కెమెరాకు స్థిరమైన అడ్రసు ఇచ్చి, ఆ పట్టికను కమిటీ పుస్తకంలో రాసి ఉంచాలి. రెండు పరికరాలకు ఒకే అడ్రసు ఉంటే అవి వంతులవారీగా మాయమవుతూ ఉంటాయి. యూపీఎస్, మంచి ఎర్తింగ్ లేకపోతే ఒక్క పిడుగుతో మొత్తం పోవచ్చు.

ఒక హెచ్చరిక. తెరమీద ప్రత్యక్ష దృశ్యం కనిపించినంత మాత్రాన రికార్డవుతున్నదని కాదు. డిస్క్ చెడిపోయినా ప్రత్యక్ష దృశ్యం వస్తూనే ఉంటుంది. ప్రతి జుమా రోజున ఒక బాధ్యుడు నిన్నటి దృశ్యం ఒకటి, ఇరవై తొమ్మిది రోజుల కిందటిది ఒకటి తెరచి చూసి, సమయం సరిపోల్చి, పుస్తకంలో సంతకం చేయాలి. పది నిమిషాల పని.

తాళం ఎవరి దగ్గర?

2016 అక్టోబరు 21న మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. దాని సైన్యం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లే. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుంచి స్త్రీల దృశ్యాలు దొంగిలించి అమ్ముకున్న ఉదంతం మనందరినీ కలచివేసింది. అక్కడ కూడా సులభమైన పాస్‌వర్డే దొంగలకు దారి ఇచ్చింది. కాబట్టి పెట్టిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. బిగించిన దుకాణదారుని దగ్గర దాని నకలు ఉండకూడదు. బయటి నుంచి చూసే సౌకర్యం నిజంగా అవసరమైతే తప్ప తెరవకండి. 2025 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ భద్రతా పరీక్షలో నెగ్గిన కెమెరాలనే దేశంలో అమ్మాలన్న నియమం ఉన్నది. కొనేటప్పుడు ఆ ధ్రువపత్రం అడగండి.

దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరహ్ అల్ హుజురాత్ వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకొమ్మని ఆదేశిస్తున్నది. ఇతరుల రహస్యాలు వెదకవద్దని అదే సూరహ్ నిషేధిస్తున్నది. మన కెమెరా మొదటి ఆజ్ఞను పాటించాలి, రెండవదాన్ని మీరకూడదు. స్త్రీల నమాజు గదిలో, వుజూ ఖానాలో, మదర్సా బాలికలు నిద్రించే గదులలో కెమెరా ఉండకూడదు. పొరుగువారి కిటికీ, అది ఏ మతంవారిదైనా, దృశ్యంలోకి వస్తే ఆ భాగాన్ని మూసివేసే సౌకర్యం ప్రతి రికార్డర్‌లోనూ ఉంటుంది. ఆ దృశ్యాలు మన దగ్గర అమానత్. సరదాకు గాని, తగవులో పైచేయి కోసం గాని వాట్సాప్‌లో పంపినవారు అమానత్‌లో ఖియానత్ చేసినవారే.

న్యాయస్థానం ముందు

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగాన్ని పరికరం బాధ్యులు, మరొక భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. ఫైలులో ఒక్క అక్షరమంత మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది. అందుకే తెరను ఫోన్‌తో తీసిన వీడియో చాలదు. సంఘటన జరిగిన రోజే అసలు ఫైలును రికార్డర్ నుంచి రెండు డ్రైవ్‌లలోకి ఎక్కించి, హాష్ విలువ, తేదీ, ఎక్కించినవారి పేరు రాసి భద్రపరచాలి.

పోలీసులు దృశ్యాలు అడిగితే ఇవ్వడం మన బాధ్యత. రాతపూర్వకంగా అడగమని, ఇచ్చినదానికి రసీదు ఇవ్వమని మర్యాదగా కోరడం మన హక్కు. రికార్డర్‌నే స్వాధీనం చేసుకుంటే పంచనామాలో దాని క్రమసంఖ్య ఉండాలి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ పోలీసులనే ఆదేశిస్తున్నది.

ఇంకొక హక్కు కూడా మరువకండి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు ఉండాలని, దృశ్యాలు 18 నెలలు, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాది నిల్వ ఉండాలని తీర్పు ఇచ్చింది. స్టేషన్‌లో ఎవరిపైనైనా బలప్రయోగం జరిగితే బాధితులు మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కమిషన్ ఆ దృశ్యాలను తెప్పించి భద్రపరచవచ్చు. మన పిల్లవాణ్ణి తీసుకువెళ్లారని తెలిసిన రోజే ఆ దృశ్యాలు భద్రపరచాలని రాతపూర్వకంగా కోరాలి. ఆలస్యమైన కొద్దీ సాక్ష్యం చెరిగిపోతుంది.

సోదరులారా, ప్రతి మస్జిద్ కమిటీ ఇద్దరు యువకులకు ఈ బాధ్యత అప్పగించండి. వారిలో ఒకరికి యంత్రం తెలియాలి, మరొకరికి చట్టం తెలియాలి. ఈ నెలలోపే మీ రికార్డర్ ముందు కూర్చొని మూడు ప్రశ్నలు వేసుకోండి. గేటు దగ్గర ముఖం తెలుస్తున్నదా? గడియారం సరిగా ఉన్నదా? ముప్పై రోజుల కిందటి దృశ్యం దొరుకుతున్నదా? మూడింటికీ అవునని జవాబు వస్తే మీ సాక్షి సత్యం పలుకుతుంది.

సత్యానికి సాక్షులుగా నిలిచే భాగ్యాన్ని, అమాయకులకు అండగా నిలిచే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.