జాబ్ మారిస్తే క్యారెక్టర్ పాడైపోతుందా? ఫైనల్ ఫాంటసీ ట్యాక్టిక్స్ అసలు లెక్క

రికార్డింగ్ ఎప్పటిలాగే బెంజ్ సర్కిల్ పక్కన రూమ్‌లోనే, మధ్యలో లారీ హారన్ వినపడితే కొంచెం సర్దుకోండి.

ఈ రోజు టాపిక్ ఫైనల్ ఫాంటసీ ట్యాక్టిక్స్. ఈ గేమ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒకచోట ఒక భయం పట్టుకుంటుంది. "ముప్ఫై గంటలు ఆడేశా, నా హీరోని కెమిస్ట్‌గానే ఉంచేశా. స్టాట్స్ పర్మనెంట్‌గా దెబ్బతిన్నాయంట కదా! సేవ్ డిలీట్ చేసి మళ్ళీ మొదటి నుంచి ఆడాలా?" అని. ముప్ఫై గంటలంటే చిన్న విషయం కాదు. సెమిస్టర్ ఎగ్జామ్స్ మధ్యలో దొరికించుకున్న గంటలు అవి. అందుకే డిలీట్ నొక్కే ముందు ఒక్కసారి లెక్క చూద్దాం.

ముందు కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒరిజినల్ 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చింది, డైరెక్టర్ యాసుమి మట్సునో. 2007లో పీఎస్‌పీకి "వార్ ఆఫ్ ద లయన్స్" పేరుతో వచ్చింది. అదే వెర్షన్ 2011లో ఐఫోన్‌కి, 2015లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఇక 2025 సెప్టెంబర్ 30న "ది ఇవాలిస్ క్రానికల్స్" పేరుతో రీమేక్ దిగింది. అది పీసీ, కన్సోల్స్‌కి మాత్రమే, ఫోన్‌కి రాలేదు.

రీమేక్ వెనక ఒక కథ ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి గుండె కలుక్కుమంటుంది. రీమేక్ డైరెక్టర్ కజుతోయో మాయెహిరో చెప్పిందేంటంటే, ఒరిజినల్ సోర్స్ కోడ్ అసలు మిగల్లేదు! ఆ రోజుల్లో ఇప్పట్లా వెర్షన్లు దాచుకునే పద్ధతి లేదు. వేరే భాషకి మార్చినప్పుడల్లా పాత డేటా మీదే కొత్తది రాసేశారు. కాబట్టి టీమ్ పాత ఆటనే ముందు పెట్టుకుని, చూసి చూసి మళ్ళీ కట్టుకుంది. గిట్‌లో కమిట్ చేయడానికి బద్ధకించే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వింటున్నారా?

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ గేమ్‌లో జాబ్ మీ క్యారెక్టర్ మీద రెండు రకాలుగా పని చేస్తుంది. అందరూ కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే.

ఒకటి మల్టిప్లయర్. ఇది యూనిఫామ్ లాంటిది. వేసుకున్నంతసేపే ఉంటుంది. బ్లాక్ మేజ్ అయితే మీ మ్యాజిక్ 150 శాతం అవుతుంది, నైట్ అయితే 80 శాతానికి పడిపోతుంది. జాబ్ మార్చగానే ఇది కూడా మారిపోతుంది. పర్మనెంట్ ఏమీ కాదు.

రెండోది గ్రోత్. ఇది తిన్న తిండి లాంటిది, ఒంటికి పడుతుంది. లెవెల్ పెరిగే క్షణంలో మీరు ఏ జాబ్‌లో ఉన్నారో, ఆ జాబ్ నంబర్ ప్రకారం స్టాట్ పెరుగుతుంది. పెరిగింది పెరిగినట్టు ఉండిపోతుంది.

ఇది 1997 ఆట ఫార్ములా, చాలా సింపుల్. ఇప్పుడున్న స్టాట్‌ని, జాబ్ నంబర్ ప్లస్ మీ లెవెల్‌తో భాగించండి. వచ్చింది స్టాట్‌కి కలపండి. అంతే. జాబ్ నంబర్ ఎంత చిన్నదైతే పెరుగుదల అంత ఎక్కువ.

హెచ్‌పీ నంబర్లు చూడండి. నైట్ 10, కెమిస్ట్ 12, బార్డ్ 20, మైమ్ 6. ఇప్పుడు బీటెక్ ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ కొంచెం గుర్తు చేసుకోండి. ప్రతి లెవెల్‌కీ వరసగా గుణించుకుంటూ పోతే మధ్యవన్నీ కొట్టేసుకుపోతాయి. చివరికి మిగిలేది ఒక్క భిన్నమే: పైన జాబ్ నంబర్ ప్లస్ ఇప్పటి లెవెల్, కింద జాబ్ నంబర్ ప్లస్ ఒకటి.

లెవెల్ 1 నుంచి 20 దాకా నైట్‌గానే పెరిగితే 30 బై 11, అంటే హెచ్‌పీ 2.73 రెట్లు. కెమిస్ట్‌గానే పెరిగితే 32 బై 13, అంటే 2.46 రెట్లు. నైట్‌గా పెరిగినవాడికి వంద ఉంటే, కెమిస్ట్‌గా పెరిగినవాడికి తొంభై. ఈ పది పాయింట్ల కోసమా ముప్ఫై గంటల సేవ్ డిలీట్ చేస్తానంటున్నారు? ఒక మంచి టోపీ పెడితే కవర్ అయిపోతుంది కదా!

బార్డ్ అయితే కొంచెం ఆలోచించాలి. 40 బై 21, అంటే 1.9 రెట్లే. నైట్‌కి వంద అయితే ఇతనికి డెబ్బై. డాన్సర్ నంబర్ కూడా 20నే. ఈ రెండు జాబ్స్‌లో పాతిక లెవెల్స్ పెంచకండి, కావాల్సిన స్కిల్ నేర్చుకుని బయటికి వచ్చేయండి. అంతవరకూ ఆ భయం నిజమే.

ఇంకో ఆశ్చర్యం చెప్పనా? మ్యాజిక్ గ్రోత్ నంబర్ బ్లాక్ మేజ్‌కీ 50, నైట్‌కీ 50. అంటే బ్లాక్ మేజ్‌గా లెవెల్స్ పెంచితే లోపల మ్యాజిక్ ఎక్కువేమీ పెరగదు. ఆ బలమంతా యూనిఫామ్‌దే!

స్పీడ్ దగ్గర మాత్రం తేడా ఉంది. దాదాపు అన్ని జాబ్స్‌కీ 100, థీఫ్‌కి 90, నింజాకి 80. లెవెల్ 1 నుంచి 99 దాకా మామూలు జాబ్ 1.97 రెట్లు, నింజా 2.21 రెట్లు. ఈ గేమ్‌లో స్పీడ్ అంటే టర్న్. మీ మీటర్‌లో ప్రతిసారీ స్పీడ్ అంత కలుస్తూ వందకి చేరితే మీ వంతు వస్తుంది. అందుకే ముదుర్లు నింజాగా లెవెల్ పెంచుతారు. ఇంకా ముదుర్లయితే, లెవెల్ తగ్గించే ట్రాప్ మీద బార్డ్‌గా నిలబడి తక్కువ పోగొట్టుకుంటారు, తర్వాత మంచి జాబ్‌లో మళ్ళీ పెరుగుతారు. కథ పూర్తి చేయడానికి ఇదేమీ అక్కర్లేదు.

మరి ఏది ముఖ్యం? జేపీ! స్కిల్స్ కొనుక్కునే పాయింట్లు ఇవి. జాబ్ మార్చినా నేర్చుకున్న స్కిల్ పోదు. కొత్త జాబ్ కమాండ్‌తో పాటు పాత జాబ్ కమాండ్ ఇంకొకటి పెట్టుకోవచ్చు. రియాక్షన్, సపోర్ట్, మూవ్‌మెంట్ స్లాట్లు ఒక్కొక్కటి. నింజాలో రెండు కత్తులు పట్టడం నేర్చుకుని నైట్‌గా మారండి, ఆ నైట్ రెండు చేతులా కొడతాడు. కెమిస్ట్‌గా గడిపిన ఆ ముప్ఫై గంటల్లో మీవాడు ఆటో పోషన్ నేర్చుకుని ఉంటే, వేరే ఏ జాబ్‌లో ఉన్నా దెబ్బ తగిలినప్పుడు తనంతట తానే మందు తాగుతాడు. పది శాతం హెచ్‌పీ కంటే అదే పెద్ద ఆస్తి.

ఒకడు పని చేస్తే యుద్ధంలో ఉన్న మిగతా మనవాళ్ళకి కూడా ఆ జాబ్ జేపీలో పావు వంతు పడుతుంది. నాకు ఈ గేమ్‌లో బాగా నచ్చే రూల్ ఇదే. అందరిలో నిజంగా పోయేది ఎవరంటే, పడిపోయాక మూడు టర్న్‌లలో మీరు లేపనివాడు. అతను క్రిస్టల్ అయిపోతాడు లేదా పెట్టె అయిపోతాడు. పర్మనెంట్ అంటే అదీ! జాబ్ మార్చడం కాదు.

ఇదే మట్సునో 1995లో చేసిన ట్యాక్టిక్స్ ఓగర్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2010 పీఎస్‌పీ వెర్షన్‌లో లెవెల్ మనిషికి కాకుండా క్లాస్‌కి ఇచ్చారు. కొత్త క్లాస్ దొరికితే లెవెల్ 1 నుంచి మొదలు. సగం ఆట అయ్యాక ఎవడు మారతాడు చెప్పండి? 2022లో "రీబార్న్" వచ్చినప్పుడు లెవెల్‌ని మళ్ళీ మనిషికే ఇచ్చేశారు. మారినవాడిని సున్నాకి తోసేస్తే ఎవరూ మారరు.

నా గురించి ఒక్క మాట. సాఫ్ట్‌వేర్ మానేసి కెమెరా ముందు కూర్చున్నాక చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, "బీటెక్ వేస్ట్ అయిపోయినట్టేనా నాన్నా?" అని. వేస్ట్ ఎందుకవుతుంది? ఇందాకటి భిన్నం ఎక్కడి నుంచి వచ్చింది మరి? జాబ్ మారింది, రెండో స్లాట్‌లో పాత కమాండ్ అలాగే ఉంది. బ్రాంచ్ తప్పు తీసుకున్నానేమో అని రాత్రుళ్ళు నిద్ర పట్టనివాళ్ళు మీలో ఉన్నారని నాకు తెలుసు. గ్రోత్‌లో పది శాతం తేడా ఉండొచ్చు. నేర్చుకున్నది మాత్రం ఎవరూ తీసేసుకోరు.

కాబట్టి ఫైనల్‌గా మూడు మాటలు. సేవ్ డిలీట్ చేయొద్దు. స్క్వైర్‌లో జేపీ బూస్ట్ ముందు తీసుకోండి, జేపీ ఒకటిన్నర రెట్లు వస్తుంది. బార్డ్, డాన్సర్‌లో ఎక్కువ కాలం ఉండకండి. మిగతాది మీ ఇష్టం, నచ్చిన జాబ్ ఆడుకోండి.

మీ టీమ్‌లో ఎవరు ఏ జాబ్‌లో ఉన్నారో కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని టీమ్స్ తీసుకుని రిపేర్ చేద్దాం. వీడియో నచ్చితే ఒక లైక్ కొట్టండి, సేవ్ డిలీట్ చేయబోతున్న ఫ్రెండ్‌కి అర్జెంటుగా షేర్ చేయండి. ఉంటా మరి, బై!