పుటలోనే ఒక లెక్కల గుమాస్తా
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక సంచిక కోసం నేను కంప్యూటరు మీద తయారుచేసిన పెన్షను పట్టికలో ఒక్క వరుస తప్ప అన్నీ సున్నాలే వచ్చిన సంగతి కార్యవర్గ సభ్యులకు తెలుసు. అచ్చుకు పోకముందే పట్టుబడింది గనుక బతికిపోయాను. ఆ తప్పు వెతకబోయి తెలుసుకున్న నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

ఆ పట్టికను 'టెక్' అనే అక్షరకూర్పు భాషలో చేశాను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డొనాల్డ్ క్నూత్ తమ గ్రంథం ప్రూఫులు చూసి, అక్షరాల తీరు నచ్చక 1977లో దీనిని మొదలుపెట్టారు. పంక్తులు విరవడం, గణిత సూత్రాలు పేర్చడం దీనికి వెన్నతో పెట్టిన విద్య. లెక్కల దగ్గర మాత్రం పూర్ణాంకాలతోనే సరిపెడుతుంది. భాగహారంలో శేషాన్ని పారేస్తుంది.

మన సూత్రం మీకు తెలిసిందే. చివరి జీతంలో సగాన్ని అర్హ సేవ అర్ధ సంవత్సరాలతో గుణించి 66తో భాగించాలి. జీతం 24,000, సేవ 55 అర్ధ సంవత్సరాలు అనుకుంటే పెన్షను 10,000. నేను తొందరపడి ముందు 55ను 66తో భాగించమన్నాను. సున్నా వచ్చింది. దానిని దేనితో గుణించినా సున్నాయే గదా! 66 పూర్తిచేసినవారి వరుస ఒక్కటే నిలిచింది.

ఇక్కడ 'లిస్ప్' అనే మరో భాష అక్కరకు వస్తుంది. జాన్ మెకార్తీ 1958లో దీనికి రూపకల్పన చేశారు. ఇందులో అన్నీ బ్రాకెట్లే. తెలుగులో రాసుకుంటే మన లెక్క ఇలా ఉంటుంది:

(భాగించు (గుణించు 12000 55) 66)

లోపలి బ్రాకెట్టు ముందు తేలుతుంది. సెక్షను గుమాస్తా నోటు సూపరింటెండెంటుకు వెళ్ళినట్లు దాని ఫలితం బయటి బ్రాకెట్టుకు అందుతుంది. ఇలా చదివి ఫలితం తేల్చే దానిని ఇంటర్‌ప్రెటర్ అంటారు.

దీనిని అక్షరకూర్పు భాషలో కూర్చోబెట్టడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, టెక్‌లోని మాక్రోలతోనే దానిని నిర్మించడం. మాక్రో అంటే రబ్బరు స్టాంపు లాంటిది. పేరు కనబడగానే నిర్ణీత పాఠం ఆ చోట పడుతుంది. 'లిస్ప్-ఆన్-టెక్' ఈ కోవలోది. రెండవది, సిద్ధంగా ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చి కలపడం. సంగీత స్వరలిపిని అచ్చుకు కూర్చే 'లిలీపాండ్'లో లిస్ప్ కుటుంబానికి చెందిన స్కీమ్ భాష, 'గైల్' అనే ఇంటర్‌ప్రెటర్ ద్వారా అలాగే చేరింది.

తేడా గమనించండి. గైల్ 55ను 66తో భాగించి 5/6 అని భిన్నంగానే దాచుకుంటుంది. మొదటి మార్గంలో అడుగున ఉన్నవి టెక్ పూర్ణాంకాలే. భిన్నాన్ని లవం, హారం జంటగా దాచే ఏర్పాటు చేయకపోతే ఆ సున్నా మళ్ళీ వస్తుంది. గుమాస్తా మారినా లెడ్జరు పాతదే!

అసలు భయం సున్నాది కాదు. సున్నా కంటపడుతుంది. నేను ముందు 12,000ను 66తో భాగించమని ఉంటే 181 వచ్చేది, శేషం పోయేది. దానిని 55తో గుణిస్తే 9,955. నెలకు 45 రూపాయలు తక్కువ! చూడటానికి నికరమైన అంకెలాగే ఉంటుంది. మనలో ఎవరు అనుమానిస్తాం? కుటుంబ పెన్షను మీద బతుకుతున్న సోదరీమణులకు చెప్పేవారెవరు?

కనుక నా మనవి ఒక్కటే. సూత్రం కంప్యూటరు లోపల దాగితే చాలదు, అంకె కిందనే అచ్చు కావాలి. ఈసారి పట్టిక కింద సూత్రం వేశాను, ఒక వరుస పూర్తిగా చేసి చూపాను. మీ వరుసను మీరు చేత్తో చేసి చూసుకోండి. తేడా వస్తే మొహమాటపడకుండా నన్ను నిలదీయండి.