గాలి తిప్పని తిరగలి
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



గాలిమర అనగానే మనకు క్యాలెండరు బొమ్మ గుర్తొస్తుంది. నాలుగు పెద్ద రెక్కలు, పక్కన కాలవ, గట్టు మీద పూలు. అది హాలెండు దేశం. అక్కడ కిండర్‌డైక్ అనే చోట పంతొమ్మిది గాలిమరలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. చాలావాటిని 1740 ప్రాంతంలో కట్టారు. అవి పల్లపు పొలాల్లోని నీరు తోడి పోసేవి. అలాంటి మరలే మరికొన్ని గోధుమలు విసిరేవి, నూనె తీసేవి, దుంగలు కోసేవి. పర్షియా తూర్పున సీస్తాన్ ప్రాంతంలో వెయ్యేళ్ల క్రిందటే గాలిచేత తిరగలి తిప్పించారు. మర ఉన్న ఊళ్లో మరవాడూ ఉండేవాడు. ధాన్యం మోసుకెళ్లి ఇస్తే పిండి చేసి, తన పాలు మినహాయించుకుని మిగతాది ఇచ్చేవాడు.

ఆ గాలిమరల దేశం వారే, డచ్చివారు, 1605లో మన మచిలీపట్నం రేవులో దిగారు. పులికాట్‌లో, భీమునిపట్నంలో కూడా వర్తకశాలలు పెట్టుకుని మన నేతబట్టలు ఓడలకెక్కించారు. మన తీరంలో గాలికేం కొదవ? అయినా మన పల్లెల్లో ధాన్యం గాలిమరకు వెళ్లలేదు. ఎందుకంటారు?

మనది అన్నం తినే సీమ కదా, రోజూ పిండితో పనేముంది, అనవచ్చు. అది సగం నిజమే. కానీ ఇటు మేడ్చల్, శామీర్‌పేట, మచ్చ బొల్లారం వైపు పల్లెల సంగతి చూడండి. జొన్నరొట్టె తినేవారికి పిండి లేనిదే పూట గడవదు. అక్కడా గాలిమర లేదు, ఇసుర్రాయే. కోస్తాలో తిరగలి అన్నా, ఇక్కడ ఇసుర్రాయి అన్నా తిప్పే చెయ్యి ఒక్కటే. మర కట్టాలంటే డబ్బు కావాలి. ఇంట్లో చేతులకు కూలి అక్కర్లేదు. అసలు కారణం ఇదేనని నాకు తోస్తుంది.

అలాగని గాలిని మనవాళ్లు వాడుకోలేదనుకోకండి. గోదావరి కాలవల్లో పడవలకు తెరచాప ఎత్తారు. కళ్లంలో గాలివాలు చూసి ధాన్యం తూర్పారబట్టారు. గాలి పొట్టూ తాలూ ఎగరగొట్టేది. అక్కడితో గాలి పని సరి. ఆ తర్వాత దంచడం, చెరగడం, విసరడం అంతా ఇల్లాలి వంతే.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పేవారు. ఒకామె రెండో చేత్తో గుప్పెడు గుప్పెడు గింజలు పోసేది. ఆ బరువు మరవడానికే తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు పుట్టాయి. అలాంటి జానపద గేయాల మీద ఆచార్య బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో పరిశోధన చేశారు. పాటలను మెచ్చుకున్నాం, మంచిదే. కానీ ఆ గంటల శ్రమను ఏ లెక్కలోనూ రాసుకోలేదు సుమా!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాల్లో వరి విస్తరించింది. ఆ తర్వాత ఇంజన్లతో నడిచే బియ్యం మరలు వచ్చాయి. తెలంగాణాలో గిర్ని వచ్చింది. అక్కడ పిండి ఆడించడం, ఇక్కడ పిండి పట్టించడం. మాట వేరు, సుఖం ఒకటే. డబ్బాలు వరసలో పెట్టి ఇరుగుపొరుగు కబుర్లు చెప్పుకోవడం మనకు తెలియనిదా? గిర్ని ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నలిపి, రాళ్ల మధ్య సందు ఎంత ఉండాలో తేల్చేస్తాడు. రాయి అరిగితే కక్కు కొట్టిస్తాడు. అది చదువుకుంటే వచ్చే విద్య కాదు. అన్నట్టు, పిండి వేడిగా వస్తుంది కదా, ఇంటికి రాగానే ఆరబోసి, చల్లారాకే డబ్బా మూత పెట్టండి. లేకపోతే చెమర్చి ఉండలు కడుతుంది.

మర వల్ల నష్టమూ వచ్చింది. బియ్యం మల్లెపూవులా ఉండాలని మోజుపడ్డాం. పైపొరతోపాటు తవుడులోని బి-1 విటమిను పోయింది. తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం జావాలో గమనించిన ఐక్‌మన్ అనే వైద్యుడు కూడా డచ్చివాడే. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ బెరిబెరి ఉండేది. అక్కడి జనం ఉప్పుడు బియ్యం కాక మరపట్టిన పచ్చిబియ్యం తినడమే అందుకు కారణమని కూనూరు పరిశోధనశాలలో ఐక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో రాశారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

అందుకని మళ్లీ రోకలి పట్టమని నేను చెప్పను. మన తల్లుల భుజాలకు దొరికిన విశ్రాంతి చిన్నది కాదు. చేయగలిగినవి వేరే ఉన్నాయి. ఎక్కువ పాలిష్ పెట్టని బియ్యం అడిగి కొనండి. పదిసార్లు కడగకండి. గంజి వంచకుండా అత్తెసరు పెట్టండి. వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టెకో రాగిసంగటికో కేటాయించండి.

పెళ్లిళ్లలో ఇప్పటికీ రోలుకు, రోకలికి, తిరగలికి పసుపు రాసి బొట్టు పెడతాం. ఆ బొట్టు పెట్టేటప్పుడు పిల్లలకు ఒక్క మాట చెప్పండి: ఈ ఇంటి మరవాడు ఆడమనిషేనని. గాలిమరలు ఆలస్యంగానైనా మనకూ వచ్చాయి. రామగిరి కొండల మీద 1990ల నుంచి అవి కరెంటు తీస్తున్నాయి. ఆ కరెంటులో కాస్త మన మిక్సీలనూ తిప్పుతుండవచ్చు. మనమ్మలు తిప్పిన రాయిని ఇన్నాళ్లకు గాలి అందుకుందన్నమాట.