సర్కారు టెండరులో చిన్న సంఘం నెగ్గాలంటే
(పట్టు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు, తళి, బాగలూరు, బేరికె, వేపనపల్లి ప్రాంతాలలో మల్బరీ సాగుతోపాటు వెదురు చంద్రికలు అల్లేవారు, పురుగుల పెంపకానికి తట్టలు, స్టాండ్లు తయారుచేసేవారు ఉన్నారు. ఇటువంటి సామగ్రిని ప్రభుత్వ శాఖలు, సంస్థలు కూడా టెండరు పిలిచి కొంటుంటాయి. టెండరంటే పెద్ద కంపెనీల వ్యవహారమని కొందరు దూరంగా ఉండిపోతారు. మరికొందరు ఎలాగైనా ఆర్డరు రావాలని గిట్టని ధర వేసి, ఆర్డరు వచ్చిన తరువాత అప్పులపాలవుతారు. ఈ రెండు నష్టాలూ లేకుండా చిన్న సంఘాలు టెండరులో ఎలా పాల్గొనాలో ఈరోజు చెప్పుకుందాం.

ప్రకటన ఎక్కడ చూడాలి?

తమిళనాడులో ప్రభుత్వ కొనుగోళ్ళకు 1998 నాటి టెండర్ల పారదర్శకత చట్టం, 2000 నాటి నియమాలు ఉన్నాయి. టెండరు ప్రకటనలు జిల్లా టెండరు బులెటిన్‌లోనూ, రాష్ట్ర ప్రభుత్వ ఇ-టెండరు వెబ్‌సైటులోనూ వస్తాయి. టెండరు వేయడానికి మామూలుగా 2 కోట్ల రూపాయల వరకు కనీసం 15 రోజులు, అంతకు మించితే 30 రోజులు గడువు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు 2016లో మొదలైన 'జెమ్' అనే ఇ-మార్కెట్ ద్వారా కొంటాయి. కర్ణాటకకు 1999 నాటి చట్టం వేరే ఉంది. హద్దు దాటి టెండరు వేసేవారు ఆ రాష్ట్రపు షరతులను విడిగా తెలుసుకోవాలి.

ముందే సిద్ధం చేసుకోవలసినవి

పదిహేను రోజులు ఇట్టే గడిచిపోతాయి. ప్రకటన వచ్చాక కాగితాల కోసం తిరగడం మొదలుపెడితే పని కాదు. సంఘం రిజిస్ట్రేషను, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, జీఎస్టీ నంబరు, ఇంతకుముందు సరుకు ఇచ్చిన బిల్లులు ఒక ఫైలులో పెట్టుకోండి. ఇ-టెండరుకు డిజిటల్ సంతకం కూడా అవసరం. అన్నిటికంటే ముఖ్యమైనది 'ఉద్యం' రిజిస్ట్రేషను. 2020 జూలై 1 నుంచి అమలులో ఉన్న ఈ రిజిస్ట్రేషనుకు ప్రభుత్వ రుసుము లేదు. దళారికి డబ్బు ఇవ్వనక్కరలేదు.

దీనివల్ల లాభమేమిటి? కేంద్ర ప్రభుత్వపు 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు టెండరు ఫారం ఉచితం, ధరావతు సొమ్ము మినహాయింపు ఉంది. అయితే ఈ సౌకర్యం సొంతంగా తయారుచేసేవారికి మాత్రమే. బెంగళూరులో కొని ఇక్కడ అమ్మేవారికి వర్తించదు.

షరతులు చివరిదాకా చదవాలి

చాలా టెండర్లలో రెండు కవర్లు ఉంటాయి. మొదటిదాంట్లో అర్హత పత్రాలు, రెండవదాంట్లో ధర. మొదటి కవరులో అర్హత తేలకపోతే రెండవ కవరు తెరవరు. మీ ధర ఎంత తక్కువైనా ఎవరూ చూడరు. చాకీలో చేసిన పొరపాటు గూడు కట్టే వేళకు బయటపడినట్టే, ఒక్క సంతకం మరచిపోయినా చివరికి అది టెండరునే చెడగొడుతుంది. షరతులు ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటాయి కాబట్టి, చదివి చెప్పగలవారిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క షరతుకు ఎదురుగా గుర్తు పెట్టుకుంటూ పోండి. సరుకు కొలతలు, అందించే తేదీ, ఆలస్యమైతే కోత ఎంత అన్నవి తప్పక చూడండి. పండిన పురుగు మన కోసం ఆగదు. చంద్రికలు ఆలస్యంగా చేరితే రైతుకు పంట పోతుంది, మీకు సొమ్ము కోత పడుతుంది.

ధర ఎలా కట్టాలి?

వెదురు, కూలి, లారీ బాడుగ, దింపుడు ఖర్చు, పన్ను, తిరస్కరించిన సరుకు నష్టం అన్నీ లెక్క వేయాలి. చాలామంది మరచిపోయేది వడ్డీ. ఉదాహరణకు వెయ్యి చంద్రికల కోసం లక్షా యాభై వేలు నూటికి నెలకు ఒక రూపాయి వడ్డీకి తెచ్చారనుకుందాం. బిల్లు సొమ్ము మూడు నెలలకు వస్తే వడ్డీ 4,500 రూపాయలు. అంటే ఒక్కొక్క చంద్రికపై నాలుగున్నర రూపాయలు.

మరొక సంగతి. కేంద్ర విధానంలో అతి తక్కువ ధర పెద్ద కంపెనీది అయినప్పుడు, దానికి 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న పరిశ్రమలు ఆ తక్కువ ధరకు ఒప్పుకుంటే సరుకులో కొంత భాగం వాటికి దక్కుతుంది. కంపెనీ 200 రూపాయలు, మీరు 225 వేశారనుకోండి. 200కు దిగివస్తే వెయ్యిలో 250 చంద్రికల దాకా మీకు రావచ్చు. కానీ మీకు పడే ఖర్చే 210 అయితే? 2,500 రూపాయలు చేతినుంచి పోతాయి. కాబట్టి ఎంతవరకు దిగవచ్చునో సంఘంలో అందరూ కూర్చొని ముందే రాసిపెట్టుకోండి. ఆ అంకె దాటి దిగవలసివస్తే టెండరు వదులుకోవడమే మేలు.

సొమ్ము ఆలస్యమైతే

2006 నాటి చట్టం ప్రకారం సరుకు స్వీకరించిన తరువాత 45 రోజులకు మించి సొమ్ము ఆపరాదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడిగే హక్కు చిన్న పరిశ్రమలకు ఉంది. ఫిర్యాదు వినడానికి ప్రత్యేక మండలి ఉంది. ఈ హక్కు నిలవాలంటే ఉద్యం రిజిస్ట్రేషను ఒప్పందానికి ముందే ఉండడం మంచిది. సరుకు అప్పగించిన ప్రతిసారీ తేదీతో సంతకం చేసిన రసీదు తీసుకోవాలి. టెండరు నిర్ణయంలో అన్యాయం జరిగిందనుకుంటే, ఉత్తర్వు అందిన 10 రోజులలోగా ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.

రైతు మిత్రులారా, మొదటిసారే పెద్ద ఆర్డరుకు పోకండి. చిన్నదానితో మొదలుపెట్టి, చెప్పిన తేదీకి చెప్పిన కొలతలో సరుకు ఇవ్వండి. ఆ బిల్లే తరువాతి టెండరుకు మీ అర్హత పత్రమవుతుంది. మీ ఊరి సంఘంలో ఈ విషయాలు చర్చించి, ఈ నెలలోనే ఫైలు సిద్ధం చేసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.